ఫ్యూజు ఎందుకు పోతుందంటే

నవంబర్ 4, మంగళవారం

ఇవాళ మనవరాలు అడిగిన వాటిలో గుర్తున్నవి: ఫ్లాస్కులో పోసింది వేడిదో చల్లదో ఫ్లాస్కుకి ఎలా తెలుస్తుంది? అద్దంలో కుడి ఎడమ అవుతుంది కదా, మరి తల కిందికి ఎందుకు రాదు? గోడ గడియారం టిక్‌టిక్‌మంటుంది, చేతి గడియారం ఎందుకు అనదు, దానికి సిగ్గా?

ఫ్లాస్కుకి ఏమీ తెలియదనీ, లోపలిది బయటికి, బయటిది లోపలికి పోనివ్వకుండా మధ్యలో ఖాళీ పెట్టుకుని కూర్చుంటుందనీ చెప్పాను. "అంటే నీలాగా?" అంది. ఏడేళ్ళకే ఇంత నోరు ఎవరి నుంచి వచ్చిందో ఈ ఇంట్లో ఎవరూ అడగరు. అందుకే దానికి గుండుసూది అని పేరు పెట్టాను.

వెనక బెంచీ వాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పలేకపోతే విషయం మనకే తెలియనట్టు. భౌతికశాస్త్రం టీచరుగా నేను బతికింది ఈ ఒక్క నమ్మకం మీద. రిటైరయ్యాక వెనక బెంచీలు లేక నోరు దురద పెట్టేది. వర్షాలు తగ్గిన వారంలో అమ్మాయి బట్టల పెట్టెలతో, పిల్లతో వచ్చి నా ఇంట్లో దిగింది. అల్లుడు తన కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఉంటున్నాడు. ఎందుకని అమ్మాయిని నేను అడగలేదు. నా మర్యాద అలాంటిది. అడిగితే అందులో నా వంతు తప్పు కూడా చెబుతుందేమోనన్న భయం కూడా అలాంటిదే.

నవంబర్ 6, గురువారం

ఇస్త్రీ పెట్టె, గీజరు ఒకేసారి వేశాం. ఫ్యూజు పోయింది.

ఈ పాత ఇంట్లో ఇంకా పింగాణీ ఫ్యూజులే. గుండుసూదిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి మెయిను కట్టేసి, కాలిపోయిన తీగ పైకి తీసి చూపించాను. ఇల్లు మోయగలిగిన బరువు ఇంత అని ఉంటుంది. అంతకు మించి బరువు వేస్తే తీగ వేడెక్కుతుంది. ఇల్లంతా తగలబడకుండా ఈ చిన్న తీగ ముందే కరిగిపోయి అన్నిటినీ విడగొడుతుంది. పిల్ల తీగ ముక్కని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి అమ్మా నాన్నా ఎందుకు విడిగా ఉంటున్నారు?"

అమ్మాయి స్నానాల గదిలో ఉంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, నోట్లో పాఠం ఇంకా ఉంది. అదీ ఇలాంటిదేనమ్మా అన్నాను. వాళ్ళు మోయగలిగిన దానికన్నా బరువు ఎక్కువైంది, ఇంకా పెద్ద నష్టం జరగకుండా ఫ్యూజు పోయింది, ఎవరి తప్పూ లేదు అని చెప్పాను.

పిల్ల ఇంకేమీ అడగలేదు. ఒక్క ముక్కలో అర్థమైపోయింది. నాకు నేనే భుజం తట్టుకోవాలనిపించింది. విడాకుల లాయర్లు పుస్తకాలకు పుస్తకాలు రాసేది నేను తీగ ముక్కతో తేల్చేశాను.

నవంబర్ 9, ఆదివారం

అల్లుడు వచ్చాడు. ఆదివారం పిల్లని పార్కుకి తీసుకెళ్ళి సాయంత్రం దింపడం ఒప్పందం. గేటు బయటే నిలబడి స్కూటరు హారను ఒక్కసారి నొక్కుతాడు. లోపలికి రమ్మంటే, పర్లేదండీ అంటాడు. లోపలికి వస్తే పలకరించాల్సి వస్తుంది కదా, ఇద్దరికీ అదే సుఖం.

అతని గురించి రాయకూడదనుకున్నాను. ఒక్కటి మాత్రం రాస్తాను. ఊరందరి చూపూ సరిచేస్తాడు, పెళ్ళాం ముఖం చూడటం మాత్రం చేతకాలేదు.

(ఈ మాట బాగుంది. అమ్మాయి దగ్గర అనకూడదు.)

నవంబర్ 12, బుధవారం

గుండుసూది ఎంత మారిందో. సోమవారం నుంచి ఒక్క ప్రశ్న లేదు. పళ్ళు తనే తోముకుంటోంది, జడ తనే వేసుకుంటోంది, అది జడలా లేకపోయినా సరే. పాలు మిగిలితే అమ్మకి ఉంచు అంది. రాత్రి నా పక్కన మంచం కొసకి జరిగి పడుకుంటోంది, నాకు జాగా ఎక్కువ ఉండాలట.

అమ్మాయి తను పని చేసే రక్తపరీక్షల లాబు నుంచి అలిసిపోయి వచ్చి, దీన్ని ఇంత మంచిదాన్ని చేశావేంటమ్మా అంది. నేను విషయం వివరంగా చెప్తే పిల్లలు ఎదుగుతారు అన్నాను. ఏ విషయమో తను అడగలేదు. నేనూ చెప్పలేదు.

నవంబర్ 15, శనివారం

పిల్ల కాలి మడమ మీద బొబ్బ చితికి మేజోడుకి అంటుకుపోయి ఉంది. బూట్లు బిగుతైపోయాయి. ఎప్పటి నుంచీ అని అమ్మాయి అడిగితే కాలు వెనక్కి లాక్కుంది. చెప్పాలి కదే అంటే, "నీకు ఇంకో పని అవుతుందని" అంది.

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేను దూది, మందు తెచ్చాను. మనసులో, చూశావా ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. అలాగే అనుకున్నాను. ఇక్కడ అబద్ధం రాయడం అనవసరం.

నవంబర్ 16, ఆదివారం

హారను మోగింది. పిల్ల కదల్లేదు.

చెప్పులు వేసుకోమంటే గుమ్మం దాకా వెళ్ళి, అక్కడి నుంచే తండ్రితో చెప్పింది.

"నేను రాను నాన్నా. నువ్వూ అమ్మా వెళ్ళండి."

అమ్మ రాదమ్మా, మనిద్దరమే కదా అని అతను నవ్వబోయాడు. పిల్ల తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చేసింది. వచ్చి నా చీర కుచ్చిళ్ళ దగ్గర కూర్చుంది. అతను హెల్మెటు చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మా ఇంటి వైపు చూశాడు. నా వైపు అని రాయాలి, ఎందుకంటే కిటికీలో ఉన్నది నేనే. తరవాత స్కూటరు స్టార్టు చేయకుండా వీధి మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్ళాడు.

పిల్లలకి మనుషుల విలువ తెలుస్తుంది అనుకున్నాను. మధ్యాహ్నం హాయిగా నిద్ర పట్టింది.

నవంబర్ 17, సోమవారం

అమ్మాయి రాత్రంతా పడుకోలేదట. నిన్న కాక అంతకు ముందు ఆదివారం పార్కులో అతనే పిల్లకి ఏదో నూరిపోసి ఉంటాడని తేల్చుకుంది. లేకపోతే నాన్న అంటే ప్రాణం పెట్టే పిల్ల ఇలా ఎందుకు అవుతుంది, తిండి తగ్గింది, మాట తగ్గింది, అన్నీ ఆ ఆదివారం తరవాతే కదా అంది. నన్ను అడిగింది, నువ్వేమంటావమ్మా అని.

అయ్యుండొచ్చు అన్నాను.

నవంబర్ 19, బుధవారం

సాయంత్రం మళ్ళీ ఫ్యూజు పోయింది. ఈసారి గీజరు, వంటింట్లో మిక్సీ. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నేను స్టూలు వెతుక్కుంటూ గదిలోకి వెళ్ళేసరికి పిల్ల నేల మీద కూర్చుని తన టేబుల్ దీపం ప్లగ్గు పీకి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"నాది తీసేశాను అమ్మమ్మా. ఇప్పుడు వస్తుందా?"

నీ దీపం ఎంతలే, దాని వల్ల పోలేదు అన్నాను.

"చిన్నదైనా బరువే కదా. నేను పుట్టక ముందు అమ్మా నాన్నా బాగానే మోసుకున్నారు. నాన్న వైపు అత్తయ్య చెప్పింది. ఫొటోలు కూడా ఉన్నాయి."

నేను స్టూలు కింద పెట్టాను.

ఇంకా చెప్పింది. కొంచెం కొంచెంగా తగ్గిస్తోందట. ముందు ప్రశ్నలు తగ్గించింది, తరవాత పాలు, తరవాత ఆదివారాలు. అన్నీ ఒక్కసారే ఎందుకు తీయలేదంటే, ఏది తీస్తే కరెంటు వస్తుందో తెలియదు కాబట్టి ఒక్కొక్కటే తీసి చూడాలని నేనే చెప్పానట. చెప్పాను. గీజరు గురించి చెప్పాను.

పద్ధతి తప్పుపట్టడానికి లేదు. నా క్లాసులో ఉండి ఉంటే పూర్తి మార్కులు వేసేదాన్ని.

అప్పుడు నేను చేయాల్సింది ఒకటే ఉంది. నేను చేసింది, ఫ్యూజు తీగ మార్చడం. లైట్లు వెలిగాయి. పిల్ల తన ప్లగ్గు చూసుకుని, తల ఊపింది.

నవంబర్ 20, గురువారం

అమ్మాయికి చెప్పలేదు. ఆలస్యంగా వచ్చింది, ముఖం పీక్కుపోయి ఉంది. ఇలాంటి మాట తిండి తినే మనిషికి చెప్పేదా?

నవంబర్ 21, శుక్రవారం

ఇవాళ పొద్దున అమ్మాయి తిండి తినలేదు, ఇవాళా చెప్పలేదు.

చెప్పకపోవడానికి మంచి కారణాలు: ఒకటి, పిల్లలు ఇవాళ అనుకున్నది రేపు మర్చిపోతారు. రెండు, నేను ఎవరి తప్పూ లేదు అని కూడా అన్నాను, ఆ ముక్క పిల్ల వదిలేసింది. మూడు...

మూడోది రాయడానికి పెన్ను పట్టుకుని ఇంతసేపు కూర్చున్నాను. మూడోది ఏమిటంటే, నేను ఇన్నాళ్ళూ ఎవరి ముందూ తప్పు చెప్పలేదు. తప్పు చెప్పలేదని కాదు, ఎవరి ముందూ ఒప్పుకోలేదు. బోర్డు మీద లెక్క తప్పు వస్తే, మీరు గమనిస్తున్నారో లేదో చూద్దామని వేశాను అనేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి చెప్పింది. ఆదివారాలు ఇక వద్దు, రావద్దని అతనికి ఫోన్లో రాసి పంపించిందట. పిల్ల కుదుటపడ్డాక చూద్దాం అందట. అతను ఒకటే రాశాడట, నేను ఏం చేశానో అదైనా చెప్పు అని.

"ఏం చేశాడో తనకి తెలీదా అమ్మా? ఎంత అమాయకుడో చూడు."

నేను మంచినీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టి, మళ్ళీ తీసి తాగాను. అందులో నీళ్ళు లేవు.

నవంబర్ 23, ఆదివారం

హారను మోగే వేళ దాటింది.

పిల్ల కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. బయటికి వెళ్ళే గౌను వేసుకుంది. నేను ఎందుకే అంటే ఉత్తినే అంది. కొత్త బూట్లు కూడా వేసుకుంది, అవి దానికి సరిపోయాయి. వీధిలో ఏ బండి వెళ్ళినా తల ఎత్తేది. తరవాత ఎత్తడం మానేసింది.

చాలాసేపటికి నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది. రెండు వారాల్లో, ఆ దీపం ప్లగ్గు దగ్గర అడిగింది కాక, ఇదే మొదటి ప్రశ్న.

"నాన్న రాలేదుగా. నా ఆదివారం బరువు తగ్గిపోయింది. అంటే, పని చేస్తోందా?"

కళ్ళల్లో నీళ్ళున్నాయి, ముఖంలో ఆశ ఉంది. రెండూ ఒకే ముఖంలో ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. నా చిన్నారి శాస్త్రవేత్త తన ప్రయోగం ఫలితం తెలుసుకోవాలని నన్ను అడిగింది, ఎందుకంటే ఈ ఇంట్లో అన్నీ తెలిసిన దాన్ని నేనే.

దగ్గరికి తీసుకుందామంటే చేతులు రాలేదు. ఆ చేతులకి హక్కు లేదనిపించింది. పని చేయడం లేదమ్మా అని మాత్రం అన్నాను. దాని ముఖం పడిపోయింది. ఇంకా ఏమైనా తీసేయాలేమో అని ఆలోచించడం మొదలుపెట్టింది, నాకు కనిపిస్తూనే ఉంది.

అమ్మాయి బట్టలు ఆరేసి వచ్చింది. చెప్పేశాను. ముందు కొంచెం చెప్పాను, అంటే నా వాటా తక్కువ ఉండేలా. అది చాలదని అమ్మాయి ముఖం చూస్తే తెలిసింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఫ్యూజు తీగ, నీళ్ళ చప్పుడు, నా వివరణ, పిల్ల లెక్క. బుధవారం నుంచి నాకు తెలిసి ఊరుకోవడం. సోమవారం నాడు అయ్యుండొచ్చు అనడం. ఆ సోమవారం నాకు ఈ సంగతి తెలియదు నిజమే, కానీ ఏదో నా నోటి నుంచే వచ్చి ఉంటుందన్న అనుమానం రాకుండా ఉండటానికి నేను కష్టపడ్డాను. అది కూడా చెప్పాను.

అమ్మాయి అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నువ్వు తెలీదు అనడం నేను పుట్టిన దగ్గర్నించీ వినలేదమ్మా. ఒక్కసారంటే ఒక్కసారి. దానికి చెప్పే ముందు నన్ను పిలవాలని కూడా అనిపించలేదా? గోడ అవతలే కదా ఉన్నాను."

అనిపించలేదు. అనిపించి ఉంటే బాగుండునని అబద్ధం చెప్పబోయి ఆగాను.

తరవాత తను ఇంకో మాట అంది, తనలో తను అనుకున్నట్టుగా. "నేను ఆయన్ని అన్నాను. పిల్లకి విషం ఎక్కిస్తున్నావని రాశాను." ఆ మాట రాసిందని నాకు శుక్రవారం చెప్పలేదు.

నవంబర్ 25, మంగళవారం

దుకాణానికి వెళ్ళాను. ఫోన్లో చెప్తే సరిపోతుంది కదా అని అమ్మాయి అంది. ఫోన్లో అయితే నా ముఖం అతనికి కనిపించదు, అందుకే వెళ్ళాను.

ఒక ముసలాయనకి అక్షరాల బోర్డు చదివిస్తున్నాడు. నన్ను చూసి తడబడ్డాడు. కొత్త అద్దాలకి వచ్చాననుకుని కుర్చీ చూపించాడు. ముసలాయన కింది వరస చదవలేక ఊహించి చెబుతున్నాడు. ఊహించొద్దండీ, కనపడకపోతే కనపడట్లేదని చెప్పండి, లేకపోతే తప్పు అద్దాలు పడతాయి అన్నాడు అల్లుడు. ఆయన్ని అన్నాడు. నేను కొంగు సర్దుకున్నాను.

ముసలాయన వెళ్ళాక చెప్పాను. నిలబడే చెప్పాను. కూర్చోండి అత్తయ్యగారూ అని మూడు సార్లన్నాడు.

అంతా విన్నాక అతను కోప్పడతాడని సిద్ధంగా ఉన్నాను. వచ్చే దారిలో దానికి జవాబులు కూడా తయారు చేసుకున్నాను, అలవాటు పోదు కదా. అతను కౌంటరు మీద అద్దాలు తుడిచే గుడ్డ మడతపెట్టి, విప్పి, మడతపెట్టాడు.

"దాని వల్ల విడిపోవడం ఏంటండీ. ఇన్నాళ్ళు కలిసున్నదే దాని వల్ల."

ఈ మాట మోసుకుపోయి పిల్లకి చెప్పాలని ఒక్క క్షణం ఆత్రపడ్డాను. ఎంత తేలిక, ఎంత అందమైన జవాబు. మెట్లు దిగుతుంటే అర్థమైంది, ఇది కూడా బరువే. ఆ పిల్ల వీళ్ళిద్దరినీ అతికించే జిగురు అని చెబితే, రేపు అది అతుక్కుని అతుక్కుని చచ్చిపోతుంది. ఆ మాట అక్కడే వదిలేసి వచ్చాను.

ఆదివారం రమ్మన్నాను. రమ్మని అడిగే మాట నాది కాదు, అమ్మాయిది. అదీ చెప్పాను. అమ్మాయి నిన్ననే క్షమించమని రాసిందట. ఆ సంగతి నాకు అతనే చెప్పాడు. నాకు ఇంట్లో ఇప్పుడు వార్తలు ఈ దారిన వస్తున్నాయి. రావాల్సిందే.

వచ్చేటప్పుడు నా కళ్ళద్దాలు తీసుకుని తుడిచి ఇచ్చాడు.

నవంబర్ 26, బుధవారం

పిల్లకి చెప్పాం. నేనూ అమ్మాయీ ఇద్దరం కూర్చున్నాం. అమ్మాయి తన మాటలు తను చెప్పింది, అవి తనవి, ఇక్కడ రాయను. తరవాత నా వంతు.

నేను నీకు తప్పు చెప్పానమ్మా అన్నాను. మనుషులకి ఫ్యూజులు ఉండవు. నువ్వు బరువు కాదు. నేను తెలిసినట్టు చెప్పాను గానీ నాకు తెలియదు.

నమ్మలేదు. నా ముఖం వైపు అనుమానంగా చూసింది, బోర్డు మీద లెక్క కావాలనే తప్పు వేశానేమో అన్నట్టు.

"మరి ఎందుకు విడిగా ఉంటున్నారు?"

"తెలీదు."

"కొంచెం కూడా తెలీదా?"

"కొంచెం వాళ్ళకే తెలీదు. నాకెలా తెలుస్తుంది."

"నువ్వు టీచరువి కదా."

టీచరునే, అయినా తెలీదు అన్నాను. ఈ మాట అనడానికి నోరు ఇంత మొద్దుబారుతుందని అనుకోలేదు. పిల్ల అమ్మ వైపు చూసింది. అమ్మాయి తల ఊపింది, అవును, అమ్మమ్మకి తెలీదు అని. ఆ తల ఊపడం నాకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది.

పిల్ల లేచి వెళ్ళి అమ్మ ఒళ్ళో కూర్చుంది. పూర్తి బరువుతో, కాళ్ళు కూడా పైకి పెట్టుకుని. అమ్మాయి కుర్చీ వెనక్కి ఒరిగింది.

నా వైపు రాలేదు.

నవంబర్ 28, శుక్రవారం

పాలు పూర్తిగా తాగింది. రాత్రి మంచం కొసన కాదు, అమ్మ గదిలో పడుకుంటోంది. నా పక్క జాగా అంతా నాదే ఇప్పుడు. ఎంత కావాలంటే అంత.

నవంబర్ 30, ఆదివారం

హారను మోగలేదు. గేటు తీసుకుని గుమ్మం దాకా వచ్చాడు. అమ్మాయి మంచినీళ్ళిచ్చింది, ఇద్దరూ వాన గురించి రెండు మాటలు మాట్లాడుకున్నారు. ఇందులో పెద్ద అర్థాలు వెతకకూడదని నాకు నేను చెప్పుకున్నాను. వాన గురించే మాట్లాడుకున్నారు.

సాయంత్రం పార్కు నుంచి వచ్చాక తండ్రీ కూతుళ్ళు పెరటి కుళాయి దగ్గర మట్టి కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. మధ్యలో కిటికీ.

"నాన్నా, సబ్బు ఎర్రగా ఉంది కదా. నురగ తెల్లగా ఎందుకు వస్తుంది?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఎన్ని వారాల తరవాత ఆ గొంతు అలా వినిపించిందో. చివర్లో పైకి లేచే గొంతు.

అతను ఆలోచించాడు. సబ్బులో రంగు బరువుగా ఉంటుందమ్మా, అది కింద నీళ్ళల్లోకి దిగిపోతుంది, నురగ తేలిక కాబట్టి తెల్లది మాత్రం పైకి వస్తుంది అని చెప్పాడు.

తప్పు. మొదటి నుంచి చివరి దాకా తప్పు. నురగ అంటే సన్నటి పొరల బుడగలు, ఆ పొరలో ఉండే రంగు ఏ మూలకి, వెలుతురు అన్ని బుడగల మీదా చెదిరి తెల్లగా కనిపిస్తుంది. ఒక గ్లాసు, ఒక చెంచా, ఒక సబ్బు ముక్క ఉంటే చాలు, చేసి చూపించవచ్చు. మాటలన్నీ నాలుక చివర వరసలో నిలబడ్డాయి, ప్రార్థనకి పిల్లలు నిలబడ్డట్టు.

"నిజంగానా?" అంది పిల్ల.

"ఏమో, అలా అనుకుంటున్నా. నాకు సరిగ్గా తెలీదు. అమ్మమ్మని అడుగుదామా?"

కుళాయి కట్టేసిన చప్పుడు. నేను పొయ్యి మంట తగ్గించాను, ఇంకా బాగా వినపడాలని.

"వద్దులే," అంది పిల్ల. "ఇంకోసారి అడుగుతా."

ఇద్దరూ తడి కాళ్ళతో లోపలికి వచ్చారు. నేను తువ్వాలు అందించాను.